నాగులమ్మ వేలిముద్ర

"తప్పుకో అత్తా. బిడ్డ బయటికి పోవాల."

"పోదు. నువ్వు ఊ అనేదాకా ఈ గడప ఎవురూ దాటరు."

పేరమ్మ తెల్లవారినప్పటి నుంచీ కోడలు నాగులమ్మ బయటికి రాకుండా గడపకు అడ్డంగా కూర్చునే ఉంది. ఆమె ముందు ఒక కొత్త కుండ, కుండలో బియ్యం, పక్కన మడత విప్పని తెల్ల పంచె. కొడుకు చిన్నపోలయ్య కోసమని గూడూరు నుంచి తెప్పించిన పంచె అది. కొడుకు కట్టుకోవడానికి కాదు, కొడుకు పేరు చెప్పి సముద్రంలో వదలడానికి.

వాకిట్లో కామాక్షమ్మ నిలబడి ఉంది. రోడ్డు నుంచి రెండు మైళ్లు ఇసుకలో నడిచి వచ్చేసరికి ఆమె మోకాలు మళ్లీ వాచింది. ఎనిమిదేళ్లుగా ఈ జాలరి పల్లె దిబ్బకుప్పంలో ఏ ఇంటికి వెళ్లినా ఎవరో ఒకరు చాప వేసేవాళ్లు. ఈ వారం రోజుల్లో ఆ చాపలన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు.

"పేరమ్మవ్వా, ఒక్క మాట వింటావా?" అంది కామాక్షమ్మ.

"నీ మాట విన్నాక గదా పంతులమ్మా ఈ కుండ తెచ్చుకునింది."

కామాక్షమ్మ తల దించుకుంది. తప్పు తనదే. ఆ సంగతి ఆమెకు తెలుసు, కుప్పానికి అంతకంటే బాగా తెలుసు.

బాలసేవా సంఘం తరఫున ఈ తీరంలో బీద పిల్లలకు సాయంకాలం బడి నడపడం, పాలపొడి పంచడం, చదువుకోగల వాళ్లను ఎక్కడో ఒకచోట చేర్పించడం ఆమె పని. పేరమ్మ మనవరాలు చెంచమ్మకు పద్నాలుగేళ్లు. సాయంకాలం బడిలో అక్షరాలు నేర్చుకుని, రెండేళ్లలో కథల పుస్తకాలు గడగడా చదివే దాకా వచ్చింది. నెల్లూరులో తండ్రి లేని ఆడపిల్లల కోసం ఒక హాస్టలు ఉంది. అక్కడ చెంచమ్మకు సీటు కోసం దరఖాస్తు నింపుతూ ఉంటే 'తండ్రి చనిపోయిన తేది' అన్న గడి దగ్గర కామాక్షమ్మ కలం ఆగింది. గడులు ఖాళీగా వదిలిన దరఖాస్తులు నెల్లూరు నుంచి తిరిగి రావడం ఆమె చాలాసార్లు చూసింది. చిన్నపోలయ్య తెప్ప దుంగలు విడివిడిగా ఒడ్డుకు కొట్టుకొచ్చిన రోజు ఆమెకు గుర్తుంది. 1960 నవంబరు పదకొండు అని రాసేసింది.

సీటు వచ్చింది. తల్లి వేలిముద్ర వేయించి పంపమని ఆ దరఖాస్తే తపాలాలో దిబ్బకుప్పానికి వచ్చింది. చదువు రానివాళ్లకు ఉత్తరం చదివి వినిపించడం తపాలా మనిషికి అలవాటు. బావి దగ్గర నిలబడి, పైనుంచి కింది దాకా, తేదీతో సహా గట్టిగా చదివాడు.

ఈ కుప్పంలో, సముద్రంలో పోయి శవం దొరకని మనిషికి తేదీ ఉండదు. ఇంటివాళ్లు నోరు తెరిచి ఫలానా రోజు పోయాడని చెప్పేదాకా అతను ఇంకా వేటలో ఉన్నట్టే. భార్య బొట్టూ గాజులూ అలాగే ఉంటాయి. తల్లి పిండం పెట్టకూడదు. ఎన్నేళ్లయినా ఎవరూ తొందరపెట్టరు. ఈ కట్టుబాటు కామాక్షమ్మకు తెలియనిది కాదు. కానీ తెప్పలు తిరిగొచ్చే వేళకు రోజూ ఒడ్డుకు వచ్చి నిలబడే నాగులమ్మ, మొన్న శివరాత్రి నుంచి రావడం మానేసింది. ఎదురుచూడటం మానేసిందంటే మనసులో తేదీ వేసుకున్నట్టేనని కామాక్షమ్మ అనుకుంది. ఒక్కసారి అడిగి ఉండవచ్చు. అడగడం కంటే రాసేయడం తేలికైంది.

"అది సర్కారోళ్లు ఇచ్చిన తేదీ కాదు పేరమ్మవ్వా. నేను రాసినాను. ఎవరినీ అడక్కుండా రాసినాను."

"ఎవురు రాస్తే ఏం? ఏడాదిన్నర పైన అయింది, నా బిడ్డకి ఒక్క ముద్ద పెట్టలా. నేను కూడు ముందర కూర్చుంటే నా బిడ్డ ఆకలంటా ఉన్నట్టే ఉంటాది. ఒక రోజంటూ చూపించినావు. నీకు దండం పెడతా తల్లీ."

ముసలామె నిజంగానే రెండు చేతులూ జోడించింది. తిట్టినా బాగుండేదనిపించింది కామాక్షమ్మకు.

"ఆమెకి దండం పెడతావా?" లోపలి నుంచి నాగులమ్మ గొంతు లేచింది. "నా చేతుల గాజులు తీసేదానికి ఆమె ఎవురు? ఆమె చేతులు చూడు. తనకి లేవని ఇంకెవురికీ ఉండకూడదా?"

వాకిలి చుట్టూ మూగిన ఆడవాళ్లు కామాక్షమ్మ చేతుల వైపు తిరిగారు.

కామాక్షమ్మ తన బోసి చేతులను పమిటలోకి లాక్కుంది. చిల్లకూరు దగ్గర పల్లెలో, పందొమ్మిదో ఏట, నలుగురు ఆడవాళ్లు పట్టుకుని ఆమె గాజులు పగలగొట్టారు. తీయమంటావా అని ఆమెను ఎవరూ అడగలేదు. అది జరిగి ఇరవై ఆరేళ్లయింది. తనను అడగని మాటే తాను ఇంకొక మనిషిని అడగలేదన్న సంగతి ఈ వారం రోజులుగా ఆమెను నిద్రపోనివ్వడం లేదు.

ఇంతలో కుప్పం పెద్దకాపు చెంగయ్య వచ్చాడు. ఎవరో పీట వేయబోతే వద్దన్నాడు.

"పంతులమ్మగారూ, మా బిడ్డలకి చదువు చెప్పినారు, జబ్బు చేస్తే ఆస్పత్రికి మోసుకుపోయినారు. మీ మీద మాకు కోపం లేదు. కానీ కాగితంలో చచ్చినోడు ఇంట్లో బతికి ఉండేదానికి కుదరదు."

"నిజమే చెంగయ్యా. ఇప్పుడేం చెయ్యాలంటారు?"

"తేదీ నిజమని ఈ ఇంటి కోడలు అంటే, పొద్దు గుంకేలోగా ఒడ్డున కర్మ జరగాల. చేసేదానికి చిన్నపోలయ్య అన్న కొడుకు ఉండాడు. బిడ్డ బస్సెక్కి పోవచ్చు. తేదీ అబద్ధమంటే కాగితం చించేయండి. బిడ్డ ఈడే ఉంటాది. ఇది దురాయి."

దురాయి అన్న మాట వినగానే ఆడవాళ్లు ఒకడుగు వెనక్కి జరిగారు. కాపు వేసిన ఆ కట్టడి దాటిన ఇంటికి కుప్పంలో నిప్పు పుట్టదు, నీళ్లు పుట్టవు.

చెంగయ్య ఎండ వైపు చూశాడు. "బస్సు ఎన్నింటికి?"

"రెండింటికి. రేపు పొద్దున పదింటికి నెల్లూరులో చేరకపోతే సీటు ఇంకొకరికి ఇస్తారు."

"అయితే తొందరగా తేల్చుకోండి," అని చెంగయ్య పక్కింటి అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

పేరమ్మ కుండలో బియ్యాన్ని వేళ్లతో కదుపుతూ కూర్చుంది. ఆ చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

"పంతులమ్మ ఒక్కటే లోపలికి రావాల," అంది నాగులమ్మ చివరికి. "అత్తా, కాళ్లు తీయి. ఆమెతో మాట్లాడి చెప్తా."

పేరమ్మ ఇష్టం లేకుండానే కాళ్లు ముడుచుకుంది.

లోపల చీకటిగా, ఉక్కగా ఉంది. ఒక మూల చినిగిన వల, ఇంకొక మూల సంఘం వాళ్లు ఇచ్చిన కొత్త రేకు పెట్టె. చెంచమ్మ ఆ పెట్టె మీద కూర్చుని, సగం వేసిన జడ చేత్తో పట్టుకుని ఉంది. నాగులమ్మ కూతురిని పెరట్లోకి పొమ్మని సైగ చేసింది. పిల్ల వెళ్లాక తలుపు దగ్గరికి వేసి, తడికకు ఆనుకుని కూలబడింది.

కామాక్షమ్మ కూడా నేల మీదే కూర్చుంది. మోకాలు మడవడానికి రాక కాలు చాపుకుంది.

"నాగులూ, నువ్వు వద్దంటే ఈ కాగితం నేనే చించుతాను. సంఘానికి ఏం చెప్పుకోవాలో నేను చెప్పుకుంటాను. నువ్వు మాత్రం నన్ను..." క్షమించమని అడగడానికి కూడా ఓపిక ఉండాలి.

"అక్కా," అంది నాగులమ్మ. వారం రోజుల తర్వాత ఆ పిలుపు. "ఆయన చావలా."

"ఆశ పెట్టుకోవడంలో తప్పు లేదమ్మా. శవం దొరకలేదు కాబట్టి..."

"ఆశ కాదక్కా. చీటీ వచ్చింది."

కామాక్షమ్మకు మొదట అర్థం కాలేదు. నాగులమ్మ గొంతు ఇంకా తగ్గించింది.

"శివరాత్రి ముందర, ఎండుచేపల మూటలకని వచ్చినాయన ఒకడు తెచ్చిచ్చినాడు. తెప్ప విరిగిపోతే మద్రాసు పోయే పడవోళ్లు పైకి లాగినారంట. ఆడ కాశిమేడు రేవులో ఉండాడంట. ఈడ ఒక మనిషితో ఉండాను, నా కోసరం చూడొద్దని రాయించినాడు."

నాగులమ్మ ఒడ్డుకు రావడం ఎందుకు మానేసిందో కామాక్షమ్మకు ఇప్పుడు తెలిసింది. తాను ఎంత తలకిందులుగా అర్థం చేసుకుందో కూడా తెలిసింది.

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవురికి చెప్పేది? ఆ ముసల్దానికా? కొడుకు గంగలో పోయినాడంటే ఏడస్తా అయినా బతుకుతాది. కన్నతల్లిని వదిలేసి ఇంకొకతె కూడు తింటా ఉండాడంటే ఈ పూట దాటదు. ఆమె అట్టా ఏడస్తా ఉంటే నేను మింగతా వచ్చినా."

"మరి వేలిముద్ర..."

"బతికున్నోడికి చావు తేదీ వెయ్యాలంటే వేలు రాలా. అంతే. ఆయన మీద ప్రేమ కారిపోయి కాదు." నాగులమ్మ కళ్లు తుడుచుకోలేదు, కన్నీళ్లేమీ లేవు కాబట్టి. "గాజులు ఏసుకోని తిరగతా ఉంటే నాకు మాత్రం ఏం సుఖం? ఇట్ట తే కాగితం."

"ఆగు నాగులూ. ఇది విన్నాక నేను ఈ కాగితం నెల్లూరుకి ఎట్టా తీసుకుపోయేది? తండ్రి లేని పిల్లల సీటు ఇది."

"తండ్రి యాడుండాడు అక్కా? చూపించు. ఈ ఇంట్లో ఉండాడా? పిల్లకి కూడు పెడతా ఉండాడా?" ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "తెలియనప్పుడు రాసేదానికి నీకేం కష్టం కాలా. తెలిసినాక తీసుకుపోయేదే కష్టమా?"

కామాక్షమ్మ సంచిలోంచి కాగితం తీసింది. సిరా డబ్బా మూత తీసి చూస్తే ఎండకు లోపలి గుడ్డ ఎండిపోయి ఉంది.

నాగులమ్మ లేచి గూట్లోంచి కాటుక భరిణె తెచ్చింది. బొటనవేలు అందులో ముంచి, కామాక్షమ్మ చూపించిన చోట అదిమింది. ఎత్తాక కూడా కాసేపు ఆ నల్లటి గుర్తునే చూస్తూ ఉండిపోయింది. తర్వాత భరిణె మూత పెట్టి కూతురి పెట్టెలో పడేసింది.

"దానికి పనికొస్తాది," అంది.

తలుపు తీశాక నాగులమ్మ ఒక్క మాటే చెప్పింది. "తేదీ నిజమే అత్తా."

పేరమ్మ లేవలేకపోయింది. కూర్చున్న చోటు నుంచే కోడలి చేతులు పట్టుకుని, ఆ గాజులకు ముఖం ఆనించి ఏడ్చింది. "నా తల్లీ, నా తల్లీ, నీ గొంతు కోసినా గదా. ఏం చేసేది, నా బిడ్డ ఆకలితో ఉండాడు," అంటూ ఏడ్చింది. నాగులమ్మ కదలకుండా నిలబడి అత్త తల నిమురుతూ ఉంది. చెంగయ్య అరుగు దిగి, కర్మ ఏర్పాట్ల కోసం మనిషిని పంపాడు. ఆడవాళ్లలో ఒకామె కామాక్షమ్మకు చాప తెచ్చి వేసింది.

ఆమె కూర్చోలేదు. కూర్చుంటే లేవగలనన్న నమ్మకం లేకపోయింది.

సరుగుడు చెట్ల సవకతోపు దాటి రోడ్డుకు వెళ్లే దారిలో ఇసుక కాలుతోంది. చెంచమ్మ రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడుస్తోంది. వచ్చేటప్పుడు తల్లి గానీ బిడ్డ గానీ పెద్దగా ఏడవలేదు. "బాగా చదువుకో," అంది తల్లి. "ఊ," అంది బిడ్డ. అంతే.

ఇటువంటి ప్రయాణాలు కామాక్షమ్మ ఎన్నో చేసింది. పదకొండు మంది పిల్లలను ఈ దారినే నడిపించి బస్సెక్కించింది. ప్రతిసారీ లోపల ఎక్కడో కొంచెం సంతోషం ఉండేది. ఇవాళ ఎంత వెతికినా అది కనబడలేదు. నడుం వాల్చి పడుకోవాలన్న కోరిక ఒక్కటే మిగిలింది.

రోడ్డు చేరేసరికి బస్సుకు ఇంకా పావుగంట ఉంది. చెంచమ్మ పెట్టె దించి దాని మీద కూర్చోలేదు. నిలబడే ఉంది.

"పంతులమ్మా, మీరు అమ్మతో మాట్లాడతా ఉంటే నేను తడిక ఆవలే ఉన్నా."

"విన్నావా?"

"కొత్తగా వినేదేముంది? ఆ చీటీ అమ్మకి చదివిపెట్టింది నేనే."

నిజమే. ఆ ఇంట్లో చదువు వచ్చిన మనిషి ఇంకెవరున్నారు? సాయంకాలం బడిలో దిద్దించిన అక్షరాలతో ఈ పిల్ల తన తండ్రి రాయించిన ఆ చీటీని, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, తల్లికి చదివి వినిపించింది.

"నా తల్లే," అని కామాక్షమ్మ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "ఇన్నాళ్లూ ఎట్టా దాచుకున్నావే?"

చెంచమ్మ ఆ చెయ్యి కింద నుంచి పక్కకు జరిగింది.

"మీరట్ట అనొద్దు పంతులమ్మా. నేను అంతా చదవలా."

"ఏమిటి చదవలేదు?"

పిల్ల రవికెలోంచి ఒక మడత కాగితం తీసింది. "పొయ్యిలో పెట్టమనింది అమ్మ. పెట్టలా. కింద చూడండి. ఆఖర్న."

చెమటకు తడిసి అంచులు నానిపోయిన కాగితం అది. ఎవరి చేతనో రాయించిన గొలుసుకట్టు రాత. నాగులమ్మ చెప్పినదంతా పైన ఉంది. కింద, ఇరుకుగా, రెండు వరుసలు. 'తప్పు చేసినాను. ముఖం చెల్లక రాలేదు. నీవు రమ్మని ఒక్క మాట రాయిస్తే అన్నీ వదిలిపెట్టి వచ్చేస్తాను.'

కామాక్షమ్మ రెండుసార్లు చదివింది.

"ఇది అమ్మకు తెలియదా?"

"తెలియదు."

"ఎందుకు చదవలేదే? చెంచమ్మా, ఎందుకు?"

"నాయన ఉన్నప్పుడు నా పలక సముద్రంలోకి ఇసిరేసినాడు. రెండుమాట్లు. మూడోది మీరు ఇచ్చినారు, దాన్ని వల కింద దాచుకున్నా." చెంచమ్మ రోడ్డు వైపే చూస్తూ చెబుతోంది. "చీటీ వచ్చేదానికి వారం ముందర మీరు బడిలో చెప్పినారు గదా, తండ్రి లేని పిల్లలకి నెల్లూరులో సీటుంది, పంపిస్తానని. ఆయన వస్తే నాకు సీటు రాదు. అందుకని, చూడొద్దు అన్న కాడికి చదివి మడిచేసినా. అమ్మ ఇంకేమన్నా ఉండాదా అనడిగింది. ఏం లేదన్నా."

కామాక్షమ్మకు కోపం రావాలి. రాలేదు. తన నోటి మాటే ఈ పిల్ల చేత ఆ పని చేయించింది. ఎవరినని తిట్టాలి?

"మరి ఇప్పుడెందుకు చెప్పినావు? బస్సెక్కే ముందర?"

అప్పుడు ఏడ్చింది చెంచమ్మ. పెద్దపిల్లలా కాదు, చిన్నపిల్లలా, వెక్కివెక్కి ఏడ్చింది. "అమ్మ కాటుక నా పెట్టెలో ఏసేసింది పంతులమ్మా. నాకు తెలియదు, అమ్మ వేలేస్తాదని అనుకోలా. మీరు చెప్పండి. ఎక్కమంటే ఎక్కుతా. పొమ్మంటే ఇంటికి పోతా."

పొద్దు గుంకడానికి ఇంకా నాలుగు గంటలకు పైగా ఉంది. వెనక్కి నడవడానికి గంట చాలు. వెళ్లి ఈ రెండు వరుసలు చదివి వినిపిస్తే నాగులమ్మ గాజులు ఆమె చేతులకే ఉంటాయి. రమ్మంటుందో, వద్దంటుందో, ఆ మాట ఆమే చెప్పుకుంటుంది. కానీ బస్సు మళ్లీ రేపు ఇదే వేళకు గానీ రాదు. అప్పటికి సీటు ఉండదు. మూడో పలక కూడా ఎక్కువ రోజులు ఉండదు.

ఎక్కితే, రేపు పదింటికి ఈ పిల్ల నెల్లూరులో ఉంటుంది. ఈ సాయంకాలం ఒడ్డున, భర్త బతికి ఉండి పిలుపు కోసం చూస్తున్న ఆడమనిషి చేతులను నలుగురు పట్టుకుంటారు. ఆ పట్టు ఎలా ఉంటుందో కామాక్షమ్మకు తెలుసు.

చిల్లకూరు వైపు నుంచి దుమ్ము లేపుకుంటూ బస్సు వచ్చింది. కామాక్షమ్మ చెయ్యి ఎత్తలేదు. అయినా ఎనిమిదేళ్లుగా ఎరిగిన డ్రైవరు కాబట్టి ఆమెను చూసి తానే ఆపాడు. కండక్టరు దిగి, అడక్కుండానే రేకు పెట్టె పైకెత్తి టాపు మీద వేసి తాడు బిగించాడు.

"ఇంకొక బిడ్డను దాటిస్తా ఉండారా అమ్మా? పుణ్యం మీదే. రెండు టిక్కెట్లేనా?"

ఆమె ఒక చేతిలో చీటీ ఉంది, రెండో చేతిలో దరఖాస్తు. దాని మీద కాటుక ఇంకా ఆరలేదు, చెమట తగిలి ఆమె వేలికి అంటింది. చెంచమ్మ ఏడుపు ఆపి ఆమె నోటి వంకే చూస్తోంది.

"అమ్మా, ఎక్కండి, ఆలస్యమవుతాది," అని కండక్టరు ఈల వేశాడు.

పెట్టె బస్సు మీద ఉంది. ఇద్దరూ ఇంకా కిందే ఉన్నారు.